లావు తీగకు చాలని గాడి

బాపూ, స్వీటీ వందనాలు. నేను, రాహేలు అత్త బాగానే ఉన్నం, ఫికర్ చెయ్యకు.

ఒక తప్పు చేసిన. నీకు చెప్పేదాకా కాలు నిలుస్తలేదు. మా బ్యాండ్ పాటలకు బేస్ గిటార్‌ను మస్తు కిందికి శ్రుతి చెయ్యాలె. ఉన్న తీగనే వదులు చేస్తే బట్టలారేసే తాడు లెక్క ఊగింది. లావు తీగ తెచ్చిన. గిటార్ మెడ చివర నువ్వు ఎముకతో చెక్కి పెట్టిన గాడిలో అది పట్టలేదు. ఆగలేక ఆకురాయితో రాకిన. గాడి ఎక్కువ తెగింది. ఇప్పుడు చర్చి పాటలకు పాత తీగ వేస్తే అందులో కదిలి గరగరమంటున్నది. ఆదివారం ఎట్ల వాయించాలె?

చర్చి పాటల తీగకు ఇంకో ఎముక ముక్క చెక్కు. నీ వడ్రంగి షెడ్డు రేకులు మార్పించినవా? మోకాలికి నూనె రాస్తున్నవా?

లావు తీగ మీటంగనే ఛత్రినాకల అత్త ఇల్లంతా అదిరింది. "ఏందే గీ లొల్లి! అల్మారల గిన్నెలన్నీ వణుకుతున్నయ్" అని అత్త ఉరికొచ్చింది. అప్పుడే నువ్వు యాదికొచ్చినవ్. రంపం మిషన్ చప్పుడుకు నీ చెవులు పోయినంక నా వాయింపు నువ్వు ఒక్కసారి కూడా వినలేదు.

ఎముకను పార్సిల్ చెయ్యకు, నువ్వే తీసుకొని రా. గిటార్ చెక్క మీద చెయ్యి పెట్టు, నేను వాయిస్త.

దేవుడు నిన్ను చల్లగా చూడాలె.
నీ బిడ్డ స్వీటీ