సగం లోతు

జనవరి 11, శనివారం

పాత డాక్యుమెంటేషన్ సరిచేసే పని ఒప్పుకున్నాను. భూమిలోకి కరెంటు పంపి, నీళ్లు దొరకగల పొర ఎంత లోతులో ఉందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఇది. ఓపెన్ సోర్స్. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా సరిచేయవచ్చు. ఎమ్మెస్సీ జియాలజీ చదివేటప్పుడు దీనికి తెలుగు ట్యుటోరియల్ రాసింది నేనే. నాలుగేళ్లయింది. ప్రాజెక్ట్ నడిపే జర్మన్ ఆయన మెయిల్ పెట్టాడు. వెర్షన్ మారి రెండేళ్లు దాటింది, తెలుగు పేజీలు మాత్రం అలాగే ఉన్నాయి, ముబీనా చూస్తే బాగుంటుంది అని.

మొదటి పేజీలో పద్నాలుగు అక్షర దోషాలు. నవ్వొచ్చింది.

జనవరి 19, ఆదివారం

నాలుగో పేజీ. నేలలో పాతిన కడ్డీల మధ్య దూరం ఎంటర్ చేసే చోటు. ‘దూరంలో సగం వేయండి’ అని రాశాను. అప్పటికి అది కరెక్టే. కొత్త వెర్షన్‌లో మొత్తం దూరం వేయాలి. సగం వేస్తే ఎర్రర్ కూడా రాదు. లోతు సగమే చూపిస్తుంది, అంతే.

మూడుసార్లు రన్ చేశాను. మూడుసార్లూ సగమే.

అదే రోజు, సాయంత్రం 6

పాత మెయిల్స్ తిరగేశాను. పద్నాలుగు నెలల కిందే ఎవరో అడిగారు, లోతు తక్కువ చూపిస్తోంది, పేజీలో తప్పుందా అని. నాకు నోటిఫికేషన్ వచ్చింది. తెరవలేదు. అప్పుడు చెల్లెలు షమీమ్ పెళ్లి పనుల్లో ఉన్నాను. సాకే ఇది.

జనవరి 21

ముస్తాక్‌కు ఫోన్ చేశాను. కాలేజీలో నా జూనియర్. కర్నూలు చుట్టుపక్కల రైతులకు మిషన్ పెట్టి బోరు పాయింట్లు చూపిస్తాడు. నా పేజీలు చూసే నేర్చుకున్నాడు, ఒకసారి ఆ మాట చెప్పి థ్యాంక్స్ కూడా అన్నాడు.

పందొమ్మిది పాయింట్లు ఇచ్చాడట. ఏడు ఫెయిల్. తప్పు సంగతి చెబితే గట్టిగా అన్నాడు, ‘నువ్వు పేజీ మార్చుకో ఆపా, ఊర్ల మీద పడి చెప్పొద్దు, పేరు పోతే నాకు పని యాడ దొరుకుతాది, బోర్లు ఊరికే కూడా ఫెయిలవుతాయి’ అని.

ఆ చివరి మాట నేను పట్టించుకోలేదు. ఒక్క పేరైనా చెప్పమని బతిమాలాను. చెప్పాడు. కోడుమూరు దగ్గర ఓబన్న. సాఫ్ట్‌వేర్ రెండొందల అరవై అంది. మూడొందల అడుగులు వేయించి, చుక్క పడక ఆపేశాడు.

జనవరి 22

పేజీ సరిచేశాను. పదకొండు నిమిషాలు పట్టింది.

ఫిబ్రవరి 2, ఆదివారం

కోడుమూరు వెళ్లొచ్చాను. బస్సులో కూర్చుని కూర్చుని నడుము విరిగింది.

ఓబన్న లేడు. మిరపకాయలు కోయడానికి గుంటూరు సుగ్గికి, కోతల కాలపు వలసకు పోయాడు. బోరు పడి ఉంటే పోయేవాడు కాదట. భార్య ఉరుకుందమ్మ ఇంట్లో ఉంది, గొర్రెలు చూసుకోవాలి కదా. బోరు మూతి మీద బండ కప్పి ఉంది. దాని పక్కనే నిలబడి అంతా చెప్పాను. ఆ పేజీ రాసింది నేనే అని కూడా చెప్పాను.

తిట్టలేదు. తిడితే బాగుండేది. ‘మా చేనుకే మా మీద కోపమనుకుంటిమి కదమ్మా, ఇన్ని దినాలు నేలను తిట్టుకుంటిమి’ అంది. తరువాత అడిగింది, ‘అయితే నీళ్లు ఉండాయా?’

ముస్తాక్ పంపిన పాత రీడింగులు కొత్తగా లెక్కవేస్తే ఐదొందల ఇరవై చూపిస్తోంది అన్నాను. ఉన్నాయి అనలేదు. లేకపోవచ్చు అని కూడా అనలేదు.

ఆమె మొహం చూసి అనలేకపోయాను.

ఫిబ్రవరి 9

ముస్తాక్ తనంతట తానే వెళ్లి మళ్లీ మిషన్ పెట్టాడట. ఐదొందల ఇరవయ్యే వచ్చింది. మిగిలిన ఆరుగురికీ తనే చెబుతానన్నాడు.

ఫిబ్రవరి 17

ఉరుకుందమ్మ ఫోన్. ‘ఆ గుంత జోలికి పోవద్దు’ అని ఓబన్న గుంటూరు నుంచి గట్టిగా చెప్పాడట. ఆమె వినలేదు. ఆయనకు తెలియకుండా రెండు తప్ప గొర్రెలన్నీ అమ్మింది. అదే బోరును లోతు చేయిస్తుందట.

ఆగమ్మా అనాలి. ‘ఇంకోసారి ఆలోచించండి’ అన్నాను. ‘లెక్క సరిగ్గా ఉండాది అంటివి కదా’ అంది. ఉంది. లెక్క సరిగ్గానే ఉంది.

మార్చి 6, గురువారం

రంజాన్ నెల, రోజా ఉపవాసంతోనే వెళ్లాను. బోరు బండి తొమ్మిదికి మొదలుపెట్టింది. మూడొందల అడుగుల వరకు పాత గుంతే, రాడ్లు చప్పుడు లేకుండా దిగిపోయాయి. అక్కడి నుంచి రాయి. తెల్లటి దుమ్ము లేచి మా జుట్టు, కనురెప్పలు అన్నీ తెల్లబడ్డాయి. ఉరుకుందమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ప్రతి రాడ్డూ లెక్కపెట్టింది. నాలుగొందలు. నాలుగొందల అరవై. ముస్తాక్ దుమ్ము చేతిలోకి తీసుకుని నలిపి చూస్తున్నాడు, తడి తగులుతుందేమోనని.

ఐదొందల ఇరవై. రాయి మెత్తబడింది. డ్రైవర్ మా వైపు చూశాడు. లెక్క చెప్పిన చోటే పగులు దొరికింది. అడుగు కూడా తేడా లేదు.

దుమ్మే వచ్చింది.

ఉరుకుందమ్మ ఐదొందల అరవై దాకా వేయించి ఆపమంది. పగులుంది, అందులో నీళ్లు లేవు. ఎప్పుడో ఉండి ఎండిపోయాయేమో, ఎప్పుడూ లేవేమో. నేను ఏడ్చాను. ఆమె నా వీపు మీద దుమ్ము దులిపింది. ‘ఊరుకో పాపా, ఈసారి నువ్వు రాసింది నిజమే, నేలే మోసం చేసింది’ అంది.

ముస్తాక్ ఇఫ్తార్‌కు ఇంటికి రమ్మన్నాడు. వెళ్లలేదు. బస్టాండులో నీళ్లు తాగి రోజా విడిచాను.

మార్చి 8

నాలుగో పేజీలో ఒక వాక్యం చేర్చాను. ‘ఈ లెక్క నీళ్లు దొరకగల లోతును చెబుతుంది. అక్కడ నీళ్లున్నాయని చెప్పదు.’

జర్మన్ ఆయన రెండు నిమిషాల్లో ఓకే చేశాడు. పక్కన ‘మైనర్ ఎడిట్’ అని రాశాడు.

మార్చి 11

ఓబన్న ఫోన్ చేశాడు. ఆయన గొంతు వినడం ఇదే మొదలు. బోరు మాట ఎత్తలేదు. ‘గొర్రెలు ఎన్ని మిగిలినాయమ్మా, ఆమె చెప్తాలేదు’ అని అడిగాడు.

రెండు అన్నాను.