కథ అర్థం కాలేదు

ఏలూరు కాపురస్తురాలిని, కీర్తిశేషులు శ్రీరామచంద్ర గారి భార్యను, రిటైరైన తెలుగు టీచరును, డెబ్బై మూడేళ్ల ఆండాళ్ళు అనే నేను స్వహస్తాలతో రాసుకున్న వీలునామా. బీపీ మాత్ర తప్ప మరే మందూ వాడడం లేదు. మతి స్థిరంగా ఉంది. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. బలవంతం అనే మాట చిన్నప్పుడొకసారి అబద్ధంగా వాడాను కాబట్టి ఈసారి ఆలోచించే రాస్తున్నాను.

1. నేనుంటున్న ఇల్లు, స్థలంతో సహా, నా కూతురు శ్రీవిద్యకూ కొడుకు కార్తికేయకూ చెరి సగం. అమ్ముకున్నా అభ్యంతరం లేదు. మడి కట్టుకోనిదే వంటింట్లో అడుగు పెట్టకూడదని కోడలు వీణను ఇరవై ఏళ్లు సాధించాను. ఆ నియమం నాతో సరి. నా వెండి కుంకుమభరిణె వీణకు.

2. మా ఆడపడుచు రత్నమాలకు ఏమీ లేదు. నా పెళ్లి పందిట్లో నన్ను అన్నానికి మొహం వాచిన పిల్ల అంది. అది నిజం కావడం వల్లనే ఇన్నేళ్లూ క్షమించలేకపోయాను.

3. ‘రెండో ముద్ద’ అనే నా కథ మీద సర్వహక్కులూ మండవల్లి వాస్తవ్యురాలు సలోమికి, ఆమె తదనంతరం ఆమె మనవరాలు ఇందుజకు చెందాలి. వాళ్లు మార్చుకోవచ్చు, తగలబెట్టుకోవచ్చు. నా పిల్లలు అడ్డు చెప్పకూడదు.

కారణం చెప్పాలి. మా నాన్నగారు మండవల్లిలో చిన్న గుడి అర్చకులు. ఇంట్లో పొయ్యి ఒక్కపూటే వెలిగేది. ఐదో తరగతిలో సలోమి తన గిన్నెలోంచి నాకు సగం పెట్టేది, బడి వెనకాల, రోజూ. కొర్రమీను పులుసూ అన్నం. నేనే అడిగి తిన్నాను. ఇప్పటికీ చేపల మార్కెట్టు దాటుతుంటే నాకు నోరూరుతుంది, సిగ్గు విడిచి రాస్తున్నాను. ఒకరోజు ఎవరో చూసి నాన్నగారికి చెప్పారు. ఆయన వచ్చి అందరి ముందూ నిలదీస్తే, సలోమి బలవంతంగా నా నోట్లో కుక్కిందని చెప్పాను. నాకు ప్రాయశ్చిత్తం చేయించారు. సలోమిని బడి మాన్పించారు.

ముప్పై ఏళ్ల తర్వాత కథ రాశాను. అందులో చేపల పులుసు పప్పన్నమైంది. అందులోని అమ్మాయి తండ్రి ఎదుట నిలబడి, నేనే అడిగి తిన్నానని చెబుతుంది. ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు దాన్ని తమ పాఠ్యపుస్తకంలో వేసుకున్నారు. ఏటా పిలిచి శాలువా కప్పుతారు. పేదరికాన్ని జయించిన నిజాయితీ అని పొగుడుతుంటే తల ఊపుతూ కూర్చుంటాను. లేచి కాదని చెప్పే ధైర్యం ఒక్క ఏడూ రాలేదు.

4. నా నిఘంటువులు మూడూ ఇందుజకు. నిరుడు ఆ స్కూలు వాళ్లు ఆ కథ మీద వ్యాసాల పోటీ పెట్టి, దిద్దమని నాకే ఇచ్చారు. పదో తరగతి ఇందుజ ఇలా రాసింది: “ఆ అమ్మాయి నిజం చెప్పలేదు. చెప్పి ఉంటే మా అమ్మమ్మ చదువు ఆగేది కాదు.” ఎవరి మనవరాలో నాకు వెంటనే తెలిసింది. ఎర్ర పెన్నుతో సున్నా వేసి, కింద ‘కథ అర్థం కాలేదు’ అని రాశాను. ఆ అబద్ధం జరిగి అరవై ఏళ్లు దాటాక, నన్నెవరూ నిలదీయకుండానే, అదే పని మళ్లీ చేశాను. వంద కాగితాల్లో ఆ కథ అర్థమైంది ఆ ఒక్క పిల్లకే.

5. ఈ వీలునామా అమలు బాధ్యత శ్రీవిద్యది. సాక్షిగా సలోమి సంతకమే కావాలనుకుని, కిందటి నెల మండవల్లి వెళ్లాను. రొయ్యలు వలుస్తూ కూర్చుంది. అప్పటిదాకా రాసింది ఇందుజ చదువుతుంటే చివరిదాకా విని ఇలా అంది: “కాగితం మీద మీరెప్పుడూ బాగానే చెబుతారండీ. ఆ రోజు మీ నాన్నగారి ముందు నోటితోనే కదండీ చెప్పారు. ఇప్పుడు మీ అబ్బాయిగారి ముందు నోటితో చెప్పండి. అప్పుడొచ్చి సంతకం పెడతాను.” చిన్నప్పుడు నన్ను ఒసే అని పిలిచేది.

కార్తికేయ తాడేపల్లిగూడెంలో అర్చకత్వం చేస్తున్నాడు. ప్రతి ఆదివారం వచ్చి ప్రసాదం నా చేతిలో పెడతాడు. నాలుగు ఆదివారాలు గడిచాయి. చెబుదామని నోరు తెరిచి, మోకాళ్ల నొప్పుల గురించి చెప్పి పంపించాను. ఎవరో ఒకరితో రెండో సంతకం పెట్టించేయమంటారు వకీలుగారు. అది నేను చేయను.

ఇద్దరు సాక్షులు లేనిదే ఈ కాగితం చెల్లదు. ఈలోగా నేను పోతే ఇల్లు ఎలాగూ పిల్లలకే వస్తుంది. కథ కూడా వాళ్లకే పోయి, పుస్తకంలో ఉన్నట్టే ఉంటుంది.

ఏలూరు,
16 నవంబరు 2025, ఆదివారం. కార్తికేయ వచ్చి వెళ్లాడు.

(సంతకం) ఆండాళ్ళు

సాక్షులు:
1. (సంతకం) మల్లేశ్వరరావు, కిరాణా వర్తకులు, మా పక్కింటివారు
2. సలోమి, మండవల్లి — ఇంకా పెట్టలేదు