జవాబు చెప్పని మేనల్లుడికి

బూర్గంపాడు,
20-11-1983.

చి. కోదండరావుకు, మీ మేనమామ కోపంతోనే దీవించి రాసేది. నా నడుము నొప్పి తగ్గింది, కోపం తగ్గలేదు.

మిరపచేలకు మందు కొట్టే నీ విమానంలో ఒక్కసారి ఎక్కించమని నేనే బతిమిలాడిన, ఒప్పుకుంట. కానీ పైకి పోయినంక మన చేను ఏదిరా అని నాలుగుసార్లు అడిగితే ఒక్కసారన్న పలికినవా? ఇంజను ఆగి, ఎర్రలైటు వెలిగి, హారన్ ఒకటే మోత. వెనక ఎవరో వస్తున్నరు, సైడియ్యరా అని నీ మంచికే చెప్పిన. దానిక్కూడా తల తిప్పలేదు.

ఒక పక్క గోదారి, ఒక పక్క అడవి. నడుమ మిరపచేన్లో దించినంక అప్పుడు నోరు తెరిచినవ్, "ఇదే మామా, నువ్వడిగిన చేను" అని. అది మనది కాదురా, వెంకటప్పయ్యది. ఆయన గట్టు తొక్కనని మూడేండ్ల నుంచి పంతం పట్టినోణ్ని. నా పరువు ఏం గాను?

హారన్ మోగితే ముందు విమానాన్ని అదుపులో పెట్టుకోవాలె, తర్వాత దిగే జాగ చూసుకోవాలె, మాట ఆఖర్న అని నీకు నేర్పించిన్రంట గదా. నువ్వు నాకు జవాబు చెప్పుకుంట కూచుంటే ఈ ఉత్తరం రాసేటోడే ఉండకపోవునని మీ అత్త అంటుంది. ఆ రోజు నుంచి సందు లేకుండ అదే అంటుంది.

అందుకని ఒక్క పని చెయ్యి. ఆ హారన్ ఊడదీసి నాకు పంపు. అది మోగినంతసేపు ఎవరికీ జవాబు చెప్పనక్కర లేదంటే, విమానం కంటే మా ఇంట్లోనే దాని అవసరం ఎక్కువ.

మీ మామ