గాజుపెట్టెలో చెట్టుకప్పలు

పొద్దుటూరు, మార్గశిర శుద్ధ పంచమి, గురువారం.

సైన్సు అయ్యవారైన మా పెద్దోడు రెండు చెట్టుకప్పలకు చలి తగలకుండా గాజుపెట్టెలో బల్బు వెలిగించి పెట్టాడు. చేను ఎండిపోతోంది. కప్పకు నీళ్లు పోస్తే వాన వస్తుందని సాయంత్రం మూత తీసి చెంబెడు పసుపునీళ్లు పోశాను. బల్బు ఠప్పున పగిలింది. ఒక కప్ప బయటికి దూకి చీకట్లో కలిసిపోయింది.

"ఏం పనిమ్మా ఇది! తెల్లారేలోపల దొరక్కపోతే చలికి సచ్చిపోతాది."

"వానకోసం పోసినాలేరా."

"వాన మనింట్లోనే కురిసిందిలే!"

ఇల్లంతా వెతికి వాడు పడుకున్నాడు. ఇప్పుడు కప్ప అరుస్తోంది. పెట్టెలోని కప్ప గొంతు కదలడం లేదు. అరుపు, చనిపోయిన మా ఆయన పటం వెనకనుంచి వస్తోంది. గాలి లేదు, అయినా పటం ఊగుతోంది. చేయి పెట్టాలంటే భయం. పెట్టకపోతే ఆ ప్రాణి పోతుంది.