వెన్నని రోజూ దువ్వాలి

జగ్గయ్యపేట,
8 జూలై 1998

ప్రియమైన ఆసిఫాకి,

ఈ ఉత్తరంతో పాటు మీ అన్నయ్య ఐజాజ్ బుట్టలో తెచ్చి నీ ముందు పెట్టేది మా వెన్నే. రెండేళ్ళ కిందట ఆయనే హైదరాబాదు నుంచి తెచ్చి నాకిచ్చిన పిల్లి, మళ్ళీ ఆయన వ్యానులోనే నందిగామ వస్తోంది. కొన్నాళ్ళు ఉంచుకోమని అడగడం లేదు. నువ్వే పెంచుకో.

ముందు దాని సంగతి చెప్తాను. మన ఊరి పిల్లుల్లా కాదు, దీనికి బెత్తెడు బొచ్చు. ఒళ్ళు నాక్కున్నప్పుడల్లా ఊడిన వెంట్రుకలు మింగుతుంది, అవి కడుపులో ఉండకడతాయి. అందుకే రోజూ దువ్వాలి. ముందు పెద్దపళ్ళ దువ్వెనతో, తర్వాత పేల దువ్వెనతో. చిక్కు పడితే లాగకు, వేళ్ళతో విడదియ్యి. అన్నంలో కాస్త నెయ్యి కలుపు, గరిక తింటే తిననియ్యి. ఒక్కోసారి మెడ చాచి ఖళ్ళుఖళ్ళుమంటుంది, ఉబ్బసమని కంగారుపడకు. చుట్టలాంటి బొచ్చు ఉండ ఒకటి కక్కి, తప్పంతా నీదే అన్నట్టు చూసి వెళ్ళిపోతుంది. అయితే ఎంతసేపు కక్కబోయినా ఏమీ రాకపోయినా, తిండి మానేసినా మాత్రం డాక్టరుకి చూపించు. మా ఇంట్లో దానికి పెరుగన్నమే గతి. మీ ఇంట్లో చేపముక్క రుచి చూశాక నన్నేం తలుచుకుంటుందిలే.

ఇక నా సంగతి. ఏప్రిల్లో ఆరో నెలలో నాకు కడుపు పోయిందని నీకు తెలుసు. ఎందుకు పోయిందో మా అత్తయ్య తేల్చేసింది. పిల్లి వెంట్రుక కడుపులోకి పోయిందట, బిడ్డ నిలవలేదట. లోకంలో అందరూ పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి మనుషుల్ని తిడతారు. ఈవిడ నేరుగా పిల్లినే తిడుతుంది, తగిలేది మాత్రం నాకు. ఆసుపత్రి నుంచి వచ్చాక వెన్నని ముట్టుకోనివ్వలేదు. నేనూ ముట్టుకోలేదు, ఆసిఫా. దువ్వే దిక్కు లేక అది ఇల్లంతా తిరిగేది. మా ఆయన తల్లినీ ఏమీ అనడు, నన్నూ ఏమీ అనడు. మిరపకాయల టిక్కీ బస్తాలు లెక్కపెట్టుకుంటూ కొట్లోనే ఉంటాడు. నిన్న అత్తయ్య హమాలీని పిలిచి, దీన్ని గోనెసంచిలో కట్టి పాలేరు అవతల వదిలేసి రమ్మంది. ఏరు దాటిస్తే తిరిగి రాదట. వాడు రేపు వస్తానన్నాడు, అందుకే ఈలోపే మీ అన్నయ్యకి కబురు పెట్టాను.

ఎవరి తప్పూ లేదని డాక్టరమ్మ చెప్పింది. కానీ పొద్దస్తమానం అదే మాట వింటుంటే, పిల్లిని ఒళ్ళో పెట్టుకు కూర్చున్నది నేనే కదా అనిపిస్తోంది. శ్రావణమాసం నోముల వంకతో మైలవరం మా పుట్టింటికి వెళ్తున్నాను. ఇక తిరిగి రాను. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నీ
ప్రసన్న

నందిగామ,
15 జూలై 1998

ప్రసన్నా,

వెన్న బతికింది. ముందు ఆ మాట రాసేస్తే మిగతాది స్థిమితంగా చదువుతావు. వచ్చిన దగ్గర్నుంచీ తిండి ముట్టలేదు. బెంగ అనుకున్నాను. తర్వాత కక్కబోవడం, ఏమీ రాకపోవడం. నువ్వు రాసింది గుర్తొచ్చి పశువుల ఆసుపత్రికి ఎత్తుకెళ్ళాను. డాక్టరు పొట్ట తడిమి, "దీన్ని దువ్వి ఎన్నాళ్ళయిందమ్మా?" అన్నాడు. ఏప్రిల్ నుంచీ దువ్వలేదన్నాను. మందు పట్టించి, దీంతో రాకపోతే కోసి తియ్యాలన్నాడు. మా అమ్మ పిల్లి కోసం కూడా దువా చేసింది. నిన్న కక్కేసింది, కోడిగుడ్డంత ఉండ.

అందులో బొచ్చుతో పాటు మూరెడు ఉన్ని దారం ఉంది. పసుపురంగుది. అది పేగుల్లోకి దిగి ఉంటే చచ్చిపోయేదని, ఇంట్లో దారాలు జాగ్రత్తగా పెట్టుకోమని డాక్టరు మరీ మరీ చెప్పాడు. నీకు బొత్తాం కుట్టుకోవడమే రాదు. ఇంత ఎండల్లో మీ ఇంట్లో ఉన్ని ఎవరు అల్లుతున్నారు?

మైలవరం వెళ్ళు. తిరిగి రాకపోయినా నేను తప్పనను. నేరం ఒప్పుకున్నదానిలా మాత్రం వెళ్ళకు.

నీ
ఆసిఫా

జగ్గయ్యపేట,
21 జూలై 1998

ఆసిఫా,

నీ ఉత్తరం పట్టుకుని నేరుగా అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. పెరట్లో బియ్యం చెరుగుతోంది. కోపంగానే వెళ్ళాను, దాచను.

"వెన్న కడుపులో పసుపు ఉన్ని దొరికిందంట అత్తయ్యా. ఎవరిదండీ అది?" అన్నాను.

చేట కింద పెట్టేసింది. ఏడుస్తుందని అనుకోలేదు.

బిడ్డ పుట్టకముందు గుడ్డపీలిక కూడా కొనకూడదు కదా మనలో. నేను పాత చీర మెత్తగా ఉందని పక్కన పెడితేనే లాక్కుని లోపల పడేసిన మనిషి ఆవిడ. అలాంటిది నాకు ఐదో నెల రాగానే బెజవాడ నుంచి ఉన్ని తెప్పించుకుని, గది తలుపేసుకుని, టోపీ అల్లింది.

"ఆగలేకపోయానమ్మాయ్. ఒక్క టోపీయేగా, ఎవరు చూస్తార్లే అనుకున్నా. అది పూర్తయిన మర్నాడే నీకు నొప్పులొచ్చినయ్" అంది.

నేను ఆసుపత్రిలో ఉండగా టోపీ విప్పేసిందట. కాల్చడానికి చేతులు రాక దారాన్ని మంచం కిందకి తోసేసింది. వెన్న అక్కడే పడుకునేది.

"మరి నన్నెందుకన్నారు ఇన్నాళ్ళూ?"

"నిన్ను కాదమ్మా, పిల్లిని అన్నా. దాని మీద వెయ్యకపోతే నా మీదే పడుద్ది గదా."

నాకు వెంటనే జాలి రాలేదు. ఇన్నాళ్ళు నా గుండెలో పెట్టిన మంట అంత తేలిగ్గా ఆరదు. కానీ ఒకటి తోచింది. ఆ రోజు డాక్టరమ్మ మాట్లాడింది నాతోనూ ఆయనతోనూ. ఈవిడ బయట బల్ల మీద కూర్చుని ఉంది. లోపలికి రమ్మని ఎవరం పిలవలేదు, తర్వాత ఎవరం చెప్పనూ లేదు. అందుకని చెప్పాను. "కొన్ని కడుపులు నిలవవంట అత్తయ్యా. మనం చేసిందేం లేదంట. వెంట్రుక వల్లా కాదు, టోపీ వల్లా కాదు." ఆవిడకి చెబుతుంటే ఆ మాట నేనే కొత్తగా విన్నట్టనిపించింది.

వెన్నని తెప్పించుకోమంది. వద్దన్నాను. దాన్ని చూసి ఏడవడానికి తప్ప ఇప్పుడు ఇద్దరికీ ఓపిక లేదు. నీ దగ్గరే ఉండనీ, దువ్వుతూ ఉండు. మైలవరం వెళ్తాను, నోము కాగానే వచ్చేస్తాను. ఆయనతో మాట్లాడాల్సింది చాలా ఉంది.

ఇందాక ఈ ఉత్తరం రాస్తుంటే అత్తయ్య వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "ఎవరికైనా బాగుంటదని పసుపురంగు తెప్పించా" అంది. మళ్ళీ తనే అడిగింది, "ఆడపిల్లా, మగపిల్లాడా అమ్మాయ్?"

ఆడపిల్ల అని చెప్పాను. ఈ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు, ఆసిఫా.

నీ
ప్రసన్న