కోయకుండా వదిలిన వరి

లావణ్యా, బిడ్డా,

నువ్వు పోయాక ఇది రెండో కోత. ఈసారి కూడా విత్తనాలకు నీ బూజు పొడే పట్టించాను. "పచ్చడికి బూజు పడితే పారవోస్తం, నువ్వు విత్తనాలకు పూస్తవా?" అని నువ్వు మొదటిసారి ఆ పొడి తెచ్చినప్పుడు నేను నవ్వాను. "అమ్మా, గా బూజు వేరును అంటుకొని ఉండి తెగులును రానియ్యది. అడవిపిల్లి ఎలుకలను రానియ్యది. ఒకటి కదలది, ఒకటి ఆగది. రెండూ మనకు కనబడని కావలోళ్లే" అన్నావు.

నిన్న కౌడిపల్లి పొలంలో కోత మిషన్ ముందు అడవిపిల్లి పిల్లలు మూడు కనిపించాయి. డ్రైవర్ దిగాడు.

"అక్కా, పెద్దగైతే కోళ్లను ఉంచయ్. తీసి పారేస్త."

"వద్దు తమ్మీ, అవి మా పొలం కావలివి. గా మూల కోయకు."

"ఎవలు చెప్పిండ్రక్కా గిది?"

"మా బిడ్డ చెప్తది" అన్నాను. 'చెప్పేది' అనడానికి నోరు రాలేదు.

సాయంత్రం తల్లిపిల్లి వచ్చింది. ఒక్కొక్కదాన్నే నోట పట్టుకుని గట్టు దాటించింది. మూడింటినీ దాటించాక మళ్లీ వచ్చి, ఆ మూల కోయకుండా వదిలిన వరిలో వాసన చూస్తూ చాలాసేపు తిరిగింది. అక్కడ ఇంక ఎవరూ లేరని దానికి తెలియదేమో. నాకు తెలుసు. అయినా మెదక్‌లో మనింట్లో రోజూ పొద్దున్నే నీ గది తలుపు తీసి చూస్తాను.

అమ్మ