గరగర

12 జూలై 2005, మంగళవారం

ఈరోజు హార్బర్ దగ్గర క్రేన్ల కంపెనీలో మా సాఫ్ట్‌వేర్ డెమో. మా బాస్ మూర్తి కొత్త టై కట్టుకొచ్చి, "ఇది ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ సార్, జావాలో కట్టాం. బేరింగ్ ఎప్పుడు పోతుందో తనే ఆలోచించి చెబుతుంది" అన్నాడు. ఆలోచనట! వాళ్ళ ఫిట్టర్ అప్పలరాజు గారి వెనక మూడు నెలలు తిరిగి, ఆయన చెప్పిందల్లా 'ఇలా ఉంటే అలా చెయ్యి' అని జావాలో రాసుకొచ్చాను. అందులో ఉన్న తెలివంతా అదే.

వాళ్ళ చీఫ్ ఇంజనీరు మౌస్ పట్టుకుని, తెర మీద అది అడిగిన మూడో ప్రశ్న దగ్గరే ఆగిపోయాడు. "బేరింగ్ చప్పుడు ఎలా ఉంది?" గదిలో ఒక్కడికీ తెలీదు. మూర్తి పళ్ళికిలించాడు. చివరికి అప్పలరాజు గారినే పిలిచారు. ఆయన క్రేన్ దగ్గరికెళ్ళి, స్క్రూడ్రైవర్ మొన బేరింగ్‌కీ పిడి చెవికీ ఆనించి విని వచ్చారు.

"గరగరమంటంది బాబూ, మార్సీయాల."

నేను 'గరగర' నొక్కాను. 'బేరింగ్ మార్చండి' అని తెర మీద వచ్చింది. గదంతా చప్పట్లు.

"నాను సెప్పిందే గదేటి, మల్లా అది సెప్పినాది?" అని నన్నడిగి, ఆయన వాళ్ళ ఊరు పద్మనాభం వెళ్ళే బస్సుకి వెళ్ళిపోయారు.

ఆయన అటు వెళ్ళగానే, ఇక ఆ ముసలాయన కాంట్రాక్టు పొడిగించక్కర్లేదన్నాడు చీఫ్ ఇంజనీరు. మూర్తి తలూపాడు. రేపు ఆ మూడో ప్రశ్నకి జవాబు ఎవరు చెబుతారో ఆ దద్దమ్మలిద్దరికీ తట్టలేదు. నాకు తట్టింది, అయినా కంప్యూటర్ వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాను.

మూర్తిని ఇంతసేపు తిట్టుకున్నాను గానీ, ఆ గదిలో చప్పట్లు మొదలుపెట్టింది నేనే.